ఓడ కేవు, కూలి రేటు: వలస కార్మికుని ఆర్జనపై ఒక విచారణ



ఎవరి స్మృతికి అంజలి ఘటించుటకై నేడు మనము సమావేశమైతిమో ఆ ఆచార్యులు అర్థశాస్త్రమును తెలుగులో బోధింపవచ్చునని నమ్మి, జీవితాంతము అట్లు బోధించి చూపిన మహనీయులు. వేతనసిద్ధాంతమును చెప్పునపుడు వారు సూత్రముతో ఆరంభించెడివారు కారు. ఒక కూలివానిని మా కన్నుల ముందు నిలిపి, ఇతని ఇంట తిండిగింజలు ఎన్నాళ్ళకు సరిపోవును, అప్పు ఎంత ఉన్నది, ఎదిగిన ఆడపిల్లలెందరు, వాన పడినచో పోయి దున్నుకొనుటకు సొంత చెక్కయేమైన ఉన్నదా అని వరుసగా అడిగి, అటుపిమ్మటనే ఇతడు ఏ కూలికి తలయూపునో చెప్పుడనెడివారు. ఆ ప్రశ్నలనే ఊరు దాటి, సముద్రము దాటి పోయిన కార్మికునికి అన్వయించి చూచుట నేటి నా ప్రయత్నము. వారి ఋణమును తీర్చుకొనుటకు నాకు ఇంతకంటె తగిన మార్గము తోచలేదు.

దేశాంతరగతుడైన కార్మికుని ఆర్జనను అతని నైపుణ్యమును, అక్కడి విపణిలో ఆ నైపుణ్యమునకు గల గిరాకియు నిర్ణయించునని పాఠ్యగ్రంథములు చెప్పుచున్నవి. వలస వచ్చినవాడు ఆరంభమున తక్కువ సంపాదించినను, భాషయు పనిపద్ధతులును పట్టుబడిన కొలది స్థానికుని అందుకొనుననియు, ఒక్కొక్కచో మించిపోవుననియు 1978లో బారీ చిజ్విక్ అమెరికా లెక్కలతో చూపెను. ఆ లెక్కలలోని మనుష్యులు ఒక కొలువు నచ్చనిచో మరియొక కొలువునకు పోగలవారు. అట్లు పోలేనివాని సంగతి ఏమి? అతని కూలి ఎంతయో చాలవరకు అతడు ఓడయెక్కకముందే, ప్రయాణపు ఖర్చు, అనగా ఓడ కేవు, ఎవరు పెట్టిరి, ఏ షరతుమీద పెట్టిరి అనుదానినిబట్టి తేలిపోవుచున్నదనియు, అట్లు తేలిన కూలి అతని ప్రక్కన నిలిచి పనిచేయు స్థానికుని కూలినిగూడ తనతోపాటు క్రిందికి దించుననియు నా దృఢమైన అభిప్రాయము. ఇందులకు మన తెలుగువారి అనుభవములోనే సాక్ష్యము సమృద్ధిగా కలదు. ఆ సాక్ష్యము రంగమున ఉన్నది.

రంగమనగా రంగూను. శ్రీకాకుళము, విశాఖపట్టణము, తూర్పుగోదావరి పల్లెలలో తాతల కాలపు ముచ్చట వచ్చినచో ఆ పేరు వినబడని ఇండ్లు తక్కువ. 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమయ్యెను. 1869లో సూయెజ్ కాలువ తెరువబడెను. ఐరావతీ నదీముఖమునందలి చిత్తడి అడవులు రెండు తరములలో వరిచేలుగా మారి, ఆ ధాన్యమును మరపట్టి ఐరోపాకు పంపు మిల్లులు రంగూను, బసీన్, మౌల్మెయిన్, అక్యాబు రేవులలో వెలసినవి. అడవి కొట్టుకొన్నవానికి భూమి దొరకుచున్న దినములవి కావున బర్మీయ రైతు ఆ మిల్లులలో బస్తాలు మోయుటకు రాలేదు, రావలసిన అవసరమును అతనికి లేదు. ఇవతలి గట్టున గంజాం, విశాఖపట్టణము జిల్లాలలో జమీందారీ గ్రామములు, ఆకాశమువంక చూచు మెట్టపొలములు, కొన్నియేండ్లకొకమారు తప్పని కరవు. ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన పిమ్మట గోదావరి డెల్టాలో పంట పెరిగినమాట నిజమే. ఐనను కోతలు, నూర్పులు ముగిసిన తరువాత భూమిలేని వారికి పని యేది? మన నూర్పులు ముగియుసరికి రంగూను మిల్లులు నడుము బిగించును. జనవరి మొదలు మే వరకు అక్కడ పని. తొలకరికి తిరిగి ఇక్కడ పని. గోపాల్పురము, బారువ, కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ రేవులలో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు ఆగి, డెక్కు ప్రయాణికులను ఎక్కించుకొని పోయెడివి. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు 10,17,825 మంది. రంగూను నగరపు నాలుగు లక్షల జనములో సగమునకు పైగా మనదేశపువారే. ఆ పట్టణమున రిక్షా లాగినవారు, రేవున సరకు ఎత్తినవారు, మిల్లులో బస్తా మోసినవారు అధికభాగము తెలుగువారు.

ఇక ఆ కూలి చేతికి ఎట్లు అందెడిదో దగ్గరగా చూడవలెను. బట్వాడా దినమున మిల్లు యజమాని కూలీని చూడడు. కూలీయు యజమానిని చూడడు. డబ్బు మొదట కాంట్రాక్టరునకు ముట్టును. అతని క్రింద చార్జి మేస్త్రీ, అతని క్రింద హెడ్ మేస్త్రీ, అతని క్రింద గ్యాంగు మేస్త్రీ. ఒక్కొక్క చేయి దాటునప్పుడెల్ల కొంత కమీషను ఆ చేతిలోనే నిలిచిపోవును. చివరకు ముఠా ముందు కూర్చున్న గ్యాంగు మేస్త్రీ చిట్టా విప్పి, పేరు పిలిచి, ముందుగా ఓడ కేవు బాకీలో ఇంత, ఊరిలో ఇంటివారికిచ్చిన బయానాలో ఇంత, బస అద్దె ఇంత, అంగడిలో అరువుతెచ్చిన సామానులకు ఇంత అని తగ్గించి, మిగిలిన అణాలను అరచేతిలో పెట్టును. ఆ చిట్టా చదువుట కూలీకి రాదు. బయలుదేరునాడు ఊరిలో వేలిముద్ర వేసిన ప్రోనోటు మేస్త్రీ పెట్టెలో ఉన్నది. ఆ మేస్త్రీ పరదేశి కాడు. తరచుగా ఆ ఊరివాడే, ఒక్కొక్కప్పుడు బంధువే. మామా అని పిలిచిన నోటితో లెక్క తప్పని ఎట్లనగలడు? రంగూనులో ముఠా విడిచి మరియొక మిల్లునకు రెండణాలెక్కువకు పోయినచో, ఊరిలోనున్న తల్లిదండ్రులు ఆ బాకీకి జవాబు చెప్పవలసియుండును. నగరమునందలి బసలలో చట్టము అనుమతించిన సంఖ్యను మించి మనుష్యులు క్రిక్కిరిసి నిద్రించుచుండిరని 1928లో బెనిసన్ దొర చేసిన జీవనవ్యయ విచారణయు, 1933లో ఆండ్రూ దొర రంగూనులోని భారతీయ కార్మికులపై ప్రకటించిన గ్రంథమును సాక్ష్యమిచ్చుచున్నవి. ఇందులో దుర్మార్గుని వెదకి మేస్త్రీని మాత్రము నిందించి ఊరకుండుట న్యాయము కాదు. అతనికిని పైనుండి బాకీ కలదు. మిల్లు యజమానికి కావలసినది అదనుకు వేయిమంది దొరకుట, అదను తీరినపిదప వారి బాధ్యత తనకు లేకుండుట. ఆ రెండు కోరికలను తీర్చిన యంత్రమే మేస్త్రీ పద్ధతి.

ఇంత జరిగినను రంగము పోయివచ్చినవారు పైకివచ్చిన ఉదాహరణలు లేకపోలేదు. కోనసీమలో తరతరములుగా సెంటు భూమికి నోచుకొనని కులములవారు రంగము డబ్బుతో చిన్న కమతములు కొనిరి. భూస్వామికి వంగి నిలిచిన వెన్ను కొంత నిటారైనది. పల్లెలో మనుష్యులు తగ్గిన కొలది మిగిలినవారి కూలికి విలువ వచ్చినది. ఈ మేలును నేను చిన్నచేయను. ఆ ఓడలపై అంత రద్దీ ఊరక లేదు. అయినను ఎవరు మిగుల్చుకొనిరని విచారించినచో, మేస్త్రీ బాకీ తొందరగా తీర్చుకొని, రెండవసారి సొంత కేవుతో పోయినవారని తేలును. చేయి అదియే, పని అదియే, రేవు అదియే. కేవు చెల్లించినవాడు మారగా కూలి మారినది.

ఇప్పుడు ఆవలిగట్టు కార్మికుని సంగతి. వలస వచ్చినవాడు స్థానికుని పొట్టకొట్టునా అనుప్రశ్న ఈనాడు ప్రతిదేశమున ఎన్నికల వేదికలెక్కుచున్నది. 1980లో క్యూబాలోని మేరియల్ రేవునుండి సుమారు 1,25,000 మంది కొద్ది నెలలలో అమెరికా చేరి, వారిలో అనేకులు మయామీలో నిలువగా, ఆ పట్టణపు శ్రామికసంఖ్య 7 శాతము పెరిగినను స్థానికుల కూలియు ఉద్యోగములును చెప్పుకోదగినంత చెడలేదని 1990లో డేవిడ్ కార్డ్ చూపెను. హైస్కూలు చదువైన పూర్తిచేయని వారి కూలి మాత్రము పడిపోయినదని పిమ్మట జార్జి బోర్హాస్ వాదించెను. ఆ వివాదము నేటికిని నడచుచున్నది. అదే ప్రశ్న బర్మాలో నెత్తురుతో వ్రాయబడెను. 1929లో ప్రపంచ మాంద్యము ఆరంభమై ధాన్యపు ధర కూలిపోవగా బర్మీయ రైతు అప్పు తీర్చలేక భూమి పోగొట్టుకొనసాగెను. ఆ దశాబ్దము ముగియులోపల దిగువ బర్మాలోని ప్రధానమైన వరిజిల్లాలలో సాగుభూమి నాలుగవవంతు వడ్డీవ్యాపారులైన చెట్టియార్ల వశమయ్యెను. నిన్నటివరకు బస్తా మోయనొల్లని బర్మీయుడు నేడు బస్తాకొరకు రంగూను వచ్చి చూడగా, ఆ పని ముందుగనే అప్పుచేత కట్టుబడిన మరియొకని భుజముపై ఉండెను. 1930 మే నెలలో తెలుగు రేవుకూలీలు కూలిపెంపు కోరి సమ్మె కట్టగా, ఓడసరకు కాంట్రాక్టర్లు బర్మీయులను పిలిచి పని చేయించిరి. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి పనిలోకి రాగానే, ఇక మీరు పొండని బర్మీయులకు చెప్పిరి. మే 26న ఆ రేవుగట్టుననే కలహము చెలరేగెను. కొన్ని దినములలో నూరుమందికి పైగా, అత్యధికముగా తెలుగు కూలీలు, చంపబడిరి. అటుపిమ్మట రేవుపనిని బర్మీయ ముఠాలకును, తెలుగు ముఠాలకును పంచు ఏర్పాటు జరిగెను. సగము పని పోయిన తెలుగువానికి బాకీ మాత్రము సగము కాలేదు.

ఈ విషయముపై విచారణ జరిపిన జేమ్స్ బాక్స్టర్ 1941లో ప్రకటితమైన తన నివేదికలో, భారతీయ కార్మికులు బర్మీయులను వారి పనులనుండి త్రోసివేసిరనుటకు ఆధారము లేదనియు, గతమున భారతీయుల శ్రమ బర్మీయుల శ్రమకు పూరకమేకాని ప్రత్యామ్నాయము కాదనియు నిర్ణయించెను. ఆ నిర్ణయము గతమునుగూర్చి సత్యమే. భూమి ఉన్నంతవరకు బర్మీయుడు పోటీదారుడు కాలేదు; భూమి పోగానే అయ్యెను. వలస వచ్చినవాడు మారలేదు, అతని సంఖ్యయు ఆ రెండుమూడేండ్లలో హఠాత్తుగా పెరిగిపోలేదు. ఆతిథేయుని జీవితపరిస్థితి మారెను. కావున వలస కూలిని తగ్గించునా పెంచునా అని దేశకాలములు విడిచి అడిగినవారికి ఏ అర్థశాస్త్రవేత్తయు నిక్కమైన సమాధానమీయజాలడు. రంగూను రేవున ఒకడు భూమి పోయి వచ్చెను, ఒకడు అప్పుపడి వచ్చెను. ఇద్దరికిని కాదనుశక్తి లేదు. కాదనలేని ఇద్దరి మధ్య ఎన్నుకొను స్వేచ్ఛ కాంట్రాక్టరునకు మిగిలెను. కూలి అట్లు తగ్గినది.

ఆ కాలముననే మరియొక త్రోవ లేకపోలేదని నిరూపించుటకు మలయా దేశము కలదు. రబ్బరుతోటల యజమానులు కూలీలకొరకు కంగాణీలను, అనగా అచటి మేస్త్రీలను, పంపి, బాకీలతో కట్టి తెచ్చుకొనుచు, ఒకరి కూలీలనొకరు ఎత్తుకొనిపోవుచు విసిగి, 1907లో ఒక వలసనిధిని ఏర్పరచిరి. దక్షిణభారత కార్మికులను పనిలో పెట్టుకొన్న ప్రతి యజమానియు, తాను స్వయముగా మనుష్యులను రప్పించుకొన్నను లేకున్నను, తనవద్ద జరిగిన పనిదినముల ననుసరించి ఆ నిధికి పన్ను చెల్లింపవలెను. ఓడ కేవు ఆ నిధినుండి పోవును. వచ్చినవాని మెడపై బాకీ ఉండదు. నెలదినముల నోటీసు ఇచ్చి మరియొక తోటకు పోవచ్చును. మలయాలో స్వర్గమున్నదని నేను చెప్పను. కల్లుదుకాణములలో ఎంత కూలి ఇంకిపోయినదో, మాంద్యము రాగా ఎన్నివేల కుటుంబములను తిరుగుటోడ ఎక్కించిరో ఎరిగినవారు అట్లు చెప్పజాలరు. ఐనను 1922 నాటి వలసచట్టము క్రింద భారతప్రభుత్వపు ప్రతినిధి అక్కడ ఉండెను. మగవారికి దినమునకు 50 సెంట్లు, ఆడవారికి 40 సెంట్లు అని ప్రమాణవేతనము కొన్ని ప్రాంతములలో నిర్ణయింపబడెను. ఆ వేతనములు మరల తగ్గింపబడగా 1938లో భారతప్రభుత్వము సహాయవలసను నిలిపివేసెను. అదే చట్టము రంగము పోయినవానికి వర్తింపలేదు. ఏమనగా 1937 వరకు బర్మా భారతదేశపు రాష్ట్రములలోనొకటి. స్వదేశములో ఒకచోటినుండి ఒకచోటికి పోవువాడు వలసదారు కాడు! సముద్రము దాటినను చట్టము దృష్టిలో గడప దాటనివాడైన ఆ తెలుగు కూలీని కాపాడు బాధ్యత ఏ కచేరికిని లేకపోయెను.

1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడినపుడు ఆ బాధ్యతారాహిత్యపు పరాకాష్ఠను చూచితిమి. ప్రోము బాటను పారిపోవుచున్న రేవుకూలీలను, మీరు పోయినచో ఓడలు దించువారెవరని వెనుకకు మరలించిరి. తరువాత లక్షలాది భారతీయులు అరకాను, మణిపురము అడవిదారుల నడచి వచ్చుచు వేలసంఖ్యలో రాలిపోయిరి. ఇరువది సంవత్సరములకు మరల 1964లో అంగళ్ళు జాతీయమై, పెద్ద నోట్లు రద్దయి, కట్టుబట్టలతో దిగినవారు విశాఖపట్టణమున బర్మా కాలనీలలో జీవితము మొదలిడిరి. మూడు తరముల ఆర్జన ఎచట పోయినదని వారిని అడుగుటకు నోరు రాదు.

ఆ కథ రంగముతో ముగియలేదు. తెలంగాణమున ఒక నానుడి కలదు: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఊరిలో బ్రదుకు సాగనివానికి మిగిలిన మూడు త్రోవలవి. 1973 పిమ్మట చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశములలో కట్టడములు లేవసాగగా కరీంనగరు, నిజామాబాదు పల్లెలనుండి మగవారు, గోదావరి, కడప జిల్లాలనుండి మగవారితోపాటు ఇంటిపనికి ఆడవారు పోజొచ్చిరి. మేస్త్రీ స్థానమున ఏజెంటు వచ్చెను. ప్రోనోటు మాత్రము ఊరిలోనే ఉన్నది. ఒక లెక్క వేసి చూతము. వీసాకును, టికెట్టునకును ఒకడు లక్ష రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చెననుకొందము. అక్కడ జీతము మన రూపాయలలో 18,000. తిండికి, ఫోనునకు, చిల్లరఖర్చులకు 5,000. ఇంటికి కనీసము 5,000 పంపక తప్పదు. మిగిలిన 8,000 అంతయు అప్పునకే కట్టినచో ఆ అప్పు తీరుటకు పదునారు మాసములు పట్టును. వీసా గడువు రెండేండ్లు. ఒక చేతివ్రేలు నలిగినను, కంపెనీ రెండునెలలు జీతమాపినను, మిగిలిన ఎనిమిది నెలలుగూడ వడ్డీలో కలిసిపోవును. అట్టివాడు ఎండలో ఎక్కువ గంటలు పనిచేయుమన్నచో చేయననునా? చేయను అని పారిపోయినచో అకామా (నివాసానుమతిపత్రము) లేక కల్లివెల్లి అగును. అనగా ఎవరు ఎంత ఇచ్చినను పుచ్చుకొని, పోలీసును చూచి దాగవలసిన బ్రదుకు.

కాదనుశక్తికిని కూలికిని గల సంబంధమును ఇటీవలి ఒక పరిశోధన కొలిచి చూపినది. ఐక్య అరబ్ ఎమిరేట్సులో 2011 మొదలుకొని, ఒప్పందపు గడువు తీరిన కార్మికుడు పాత యజమాని అనుమతి లేకయే మరియొక యజమానివద్ద చేరవచ్చునని నియమము మార్చిరి. సురేశ్ నాయుడు, యా న్యార్కో, షింగ్-యీ వాంగ్ అను ఆర్థికవేత్తలు జీతపు లెక్కలను పరిశీలింపగా, ఆ మార్పుచేత అక్కడ ఉన్న కార్మికుల ఆర్జన 10 శాతమునకు మించి పెరిగెను. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, పోవచ్చునన్న తరువాత పాత యజమానివద్దనే నిలిచినవారు హెచ్చిరి. నూతనముగా పోవువారికి ఆ లాభము అందలేదు. వారి తొలిజీతములు కొంత తగ్గినవి. ఖతరులో 2020లో అనుమతిపత్రపు నిబంధన తొలగెను; 2021 మార్చి నుండి అన్ని దేశములవారికిని నెలకు 1,000 రియాళ్ళ కనీసవేతనము అమలులోనికి వచ్చెను. ఇట్లు అచట మెట్టుమెట్టుగా ముందుకు సాగుచున్న సమయముననే 2020 సెప్టెంబరులో మన కేంద్రప్రభుత్వము గల్ఫ్ దేశములకు పోవు భారతీయుల కనీస సూచికవేతనములను 30 నుండి 50 శాతము వరకు తగ్గించినది. ఉద్యోగములు నిలుపుటకని కారణము చెప్పిరి. తెలంగాణ కార్మికసంఘముల ఆందోళన ఫలితముగా 2021 జులైలో పాతవేతనములు పునరుద్ధరింపబడినవి. మన మనుష్యుడు చవుకగా దొరకవలెనని మనమే కోరుట నాకు మిక్కిలి బాధ కలిగించిన సంగతి.

ఆడవారి విషయమున పరిస్థితి ఇంకను కఠినము. ఇంటిపనికి పోవు స్త్రీకి ముప్పదియేండ్లు నిండియుండవలెనని మన నిబంధన. రక్షణార్థమే కావచ్చును; కాని భర్త పోయి, బిడ్డలు చిన్నవారై, ఇరువదియైదేండ్లకే ఇంటిభారము మీదపడిన ఆమె ఆ అయిదేండ్లు ఎట్లు ఆగగలదు? సందర్శకుల వీసామీద పోవును; పోయిన క్షణమునుండి ఆమె పేరు ఏ లెక్కలోను లేదు. తలుపు మూసిన ఇంటిలో ఆమె జీతము ఎంతయో, ఎన్ని నెలలకు ఒకమారు ఇత్తురో ఆ ఇంటివారికే ఎరుక. చట్టబద్ధమైన దారిలో పోయినచో దొరకు జీతమునకును ఆమెకు దొరకినదానికిని గల అంతరము ఆమె నైపుణ్యములో ఏ లోపమువలన వచ్చినదో చెప్పగలవారున్నారా?

నేడు మన చట్టము ప్రకారము అనుమతిపొందిన ఏజెంటు కార్మికునివద్దనుండి 30,000 రూపాయలును, దానిపై పన్నును మించి తీసికొనరాదు. ఊళ్ళలో తీసికొనుచున్నది అంతకు ఎన్నిరెట్లో సభలోని జగిత్యాల, సిరిసిల్ల మిత్రులు నాకంటె చక్కగా ఎరుగుదురు. ఆ మితిని గట్టిగా అమలుచేయుడని కోరుట చాలదు. ఆ 30,000 రూపాయలుగూడ కార్మికుడు ఏల ఈయవలెను? 1907లో మలయా తోటల యజమానులు స్వార్థముచేతనైనను చేయగలిగిన పనిని, మన రెండు రాష్ట్రప్రభుత్వములు ఢిల్లీలో పట్టుబట్టి నేటి గల్ఫ్ యజమానులచేత చేయింపవచ్చును. మన కార్మికులను పనిలో పెట్టుకొన్న ప్రతి కంపెనీ పనిదినముల లెక్కన ఒక నిధికి చెల్లింపవలెను, వీసా, టికెట్టు, వైద్యపరీక్ష ఖర్చులు ఆ నిధినుండి పోవలెను, ఊరిలో ప్రోనోటు పుట్టరాదు. ఇతర దేశముల కార్మికులు చవుకగా దొరకుదురని మనలను బెదరింపవచ్చును. నేపాలు 2015లో మలేసియాకును, గల్ఫ్ దేశములకును పోవు తన కార్మికుల వీసా, టికెట్టు ఖర్చులను యజమానియే భరింపవలెనని ప్రకటించియున్నది. అమలులో ఎన్ని లొసుగులున్నను ఆ మార్గము అచట తెరువబడినది. కార్మికులను పంపు దేశములు కూడబలుకుకొని ఒక్కమాటపై నిలుచుట కష్టసాధ్యమే. ఆ సంభాషణను ఆరంభింపవలసిన బాధ్యత అందరికంటె ముందు రంగము పోయినవారి మనుమలదని నా మనవి.